రాణిగారి గదిలో మన వైజాగ్ గీత

ఈ ఎపిసోడ్ బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నవాళ్ళ కోసం. పెన్సిల్ ఇప్పుడే పట్టుకున్నవాళ్ళు, యాక్రిలిక్ డబ్బాలు కొనేసి ఇంట్లో గోడ వైపు అనుమానంగా చూస్తున్నవాళ్ళు, హాల్లో సోఫా వెనకాల ఏం పెడితే బాగుంటుందా అని ఫోన్లో రాత్రి ఒంటిగంటదాకా వెతికేవాళ్ళు, అందరూ రండి.

వైజాగ్‌లో వేసవి సెలవులొస్తే ఎంవీపీ కాలనీ నుంచి ఉక్కునగరం దాకా డ్రాయింగ్ క్లాసుల బోర్డులు కనిపిస్తాయి. మొదటి రోజు ఏం చేయిస్తారో మీకు తెలుసు. నిలువు గీతలు, అడ్డ గీతలు, గుండ్రాలు. పేజీలకి పేజీలు. పిల్లలు విసుక్కుంటారు. "బొమ్మ ఎప్పుడు వేయిస్తారు సార్?" అని అడుగుతారు. ఇంకొంచెం పెద్దయ్యాక అదే పిల్లలు ఇంకో మాట అంటారు: "వైజాగ్‌లో ఆర్ట్ ఎక్కడుందండీ? ఇక్కడుంది పోర్టు, స్టీల్ ప్లాంట్. ఆర్ట్ అంటే కలకత్తా, బరోడా, హైదరాబాద్."

అదిగో, ఆ మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే పోర్టు కట్టకముందు, అంటే 1933 కంటే దాదాపు నూట యాభై ఏళ్ళ ముందే, లండన్లో డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లో "విజగపటం" అనే పేరు ఒక రకం సామానుకి గుర్తు. కుర్చీలు, అద్దాల బల్లలు, నగల పెట్టెలు, రాత బల్లలు. ఒళ్ళంతా తెల్లగా, ఆ తెలుపు మీద నల్లటి సన్నటి గీతల్లో పూలతీగలు. ఇప్పటికీ ప్రపంచంలో పెద్ద పెద్ద వేలంశాలల క్యాటలాగుల్లో ఆ వస్తువుల్ని మన ఊరి పాత స్పెల్లింగుతోనే పిలుస్తారు. మన ఊళ్ళో మాత్రం ఆ సంగతి చాలామందికి తెలీదు.

ముందు ఒక అమ్మకం గురించి చెప్తాను. 1781వ సంవత్సరం. అలెగ్జాండర్ వించ్ అనే ఆయన సామాన్లు ఇంగ్లండులో అమ్మకానికి వచ్చాయి. ఈయన 1773 నుంచి 1775 దాకా మద్రాసు గవర్నరుగా చేసినవాడు. కంపెనీ నౌకరీ చేసి వెళ్ళిపోయేటప్పుడు ఓడలో ఏమేం పట్టుకెళ్ళారో మీరు ఊహించగలరు కదా. ఆ సామాన్లలో మన ఊరి దంతపు కుర్చీలు ఉన్నాయి. వాటిని కొన్నది ఎవరు? ఇంగ్లండు రాజు మూడో జార్జి. ఎవరి కోసం? రాణి షార్లెట్ కోసం. బ్రిడ్జర్టన్ సిరీస్ చూసినవాళ్ళకి ఈవిడ బాగా తెలుసు, పెద్ద పెద్ద జుట్టు కొప్పులతో కనిపించే రాణి ఆవిడే. సిరీస్‌లో చూపించింది సగం కల్పన అనుకోండి, కుర్చీలు మాత్రం నిజం. ఇవాళ్టికీ బ్రిటిష్ రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి.

ఆ కుర్చీల దగ్గర రాసి ఉండే వివరాల్లో ఎవరు కొన్నారో ఉంటుంది, ఎవరి దగ్గర కొన్నారో ఉంటుంది, ఏ రాజభవనంలో పెట్టారో ఉంటుంది. చేసినవాడి పేరు ఉండాల్సిన చోట ఊరి పేరు ఉంటుంది. విశాఖపట్నం, అంతే.

సరే, ఎవరు చేశారు, ఎలా చేశారు అనేది చూద్దాం. ఈ పని కంసాలి కుటుంబాల చేతుల్లో ఉండేదని ఫర్నిచర్ చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. ఇంగ్లీషు కంపెనీ విశాఖలో 17వ శతాబ్దం చివర్లోనే స్థావరం పెట్టుకుంది. పక్కనే భీమునిపట్నంలో డచ్చివాళ్ళు. వాళ్ళు వచ్చింది బట్టల కోసం. కోస్తా అంతా అప్పట్లో నేతబట్ట, రంగుల అద్దకం బట్ట. వచ్చిన దొరలకి కూర్చోడానికి కుర్చీ కావాలి, ఉత్తరాలు రాసుకోడానికి బల్ల కావాలి. మన ఇళ్ళల్లో అప్పటికి పీటలు, చాపలు, మంచాలు ఉన్నాయి గానీ ఇంగ్లీషు పద్ధతి కుర్చీ లేదు. కాబట్టి దొర తన కుర్చీ చూపించి "ఇలాంటిది చెయ్యి" అన్నాడు. మనవాడు చేశాడు. అయితే ఆకారం దొరది, పైన గీత మనది. అసలు కథంతా ఇక్కడే ఉంది.

మొదట్లో టేకు, రోజ్‌వుడ్ లాంటి ముదురు రంగు చెక్కలో గాడి తవ్వి, ఆ గాడిలో దంతపు ముక్కలు పొదిగేవారు. అంటే నల్లటి నేల మీద తెల్లటి పువ్వు. 18వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి లెక్క తిరగబడింది. గంధపు చెక్కతో వస్తువు చేసి, దాని ఒంటి నిండా పల్చటి దంతపు రేకులు అంటించడం మొదలైంది. ఇప్పుడు నేల తెలుపు, గీత నలుపు. కాగితం మీద ఇంకుతో గీసినట్టు.

కాగితం కాదు కాబట్టి ఎలా గీస్తారు? సన్నటి ఉక్కు మొనతో దంతం మీద గీత చెక్కుతారు. ఆ సన్నటి గాడిలోకి నల్ల లక్క ఎక్కిస్తారు. పైన మిగిలిన లక్క తీసేసి, మెరుగు పెడతారు. గాడిలో ఉన్నది మాత్రం అలాగే నిలిచిపోతుంది. రెండు వందల యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ నలుపు చెక్కుచెదరకుండా ఉంది చూడండి, మన ఇంటి ఎమల్షన్ పెయింటు రెండు వానాకాలాలకే పెచ్చులూడుతుంది.

బొమ్మ నేర్చుకునేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. టాబ్లెట్ మీద గీసేటప్పుడు గీత తప్పితే అన్‌డూ నొక్కుతాం. పెన్సిలైతే రబ్బరు ఉంది. దంతం మీద ఉక్కు మొన ఒకసారి జారిందంటే ఆ రేకు పాడైనట్టే. ఆ రేకు ఏనుగుని చంపి తెచ్చిన సరుకు, కొంత సముద్రం దాటి బర్మా పెగూ నుంచి వచ్చిన సరుకు. అంత ఖరీదైన దాని మీద కొత్తవాడి చేత ఎవరూ గీయించరు. ఒకే వంపు, ఒకే ఆకు, ఒకే మొగ్గ చెయ్యికి బాగా అలవాటయ్యాకే ఆ పని. మీ డ్రాయింగ్ మాస్టారు పేజీల నిండా గీతలు గీయించేదీ ఇందుకే. ఆ విసుగుకి మన ఊళ్ళో చాలా పాత చరిత్ర ఉందన్నమాట.

మరి ఆ పూలతీగ ఎక్కడిది? ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఆ కుర్చీల మీద తీగ, కోస్తాలో బట్టల మీద కలంతో రాసిన తీగ, రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. మచిలీపట్నం పరిసరాల్లో ఇప్పటికీ కలంకారీ అంటాం, యూరప్‌లో దాన్ని చింట్జ్ అన్నారు. మంచాల చుట్టూ తెరలుగా, గోడల మీద వేలాడే బట్టలుగా అక్కడి ఇళ్ళ నిండా మన రంగుబట్టలే. ఎంత ఎక్కువైందంటే, అక్కడి నేతగాళ్ళు గొడవపెడితే 1686లో ఫ్రాన్సు నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది. అయినా జనం దొంగచాటుగా కొనుక్కుని ఇంట్లో వేలాడదీసుకున్నారు. ఇంటీరియర్ డెకరేషన్ కోసం చట్టాన్ని ధిక్కరించిన జనాలన్నమాట!

ఇప్పుడు ఆ బట్ట మీది తీగ అచ్చంగా మనదేనా అంటే, కాదు. కంపెనీవాళ్ళు ఇంగ్లండు నుంచి నమూనా బొమ్మలు పంపేవారు, అక్కడి జనానికి ఏది నచ్చుతుందో చూసి. ఆ నమూనాల్లో అప్పటికే పర్షియా పూలు, చైనా కొండరాళ్ళు కలిసి ఉన్నాయి. మన అద్దకంవాళ్ళు దాన్ని చూసి తమ చేతికి అలవాటైన వంపుతో రాశారు. ఆ బట్ట ఓడెక్కి వెళ్ళింది, అక్కడివాళ్ళు దాన్ని చూసి మళ్ళీ నమూనాలు గీసి పంపారు. ఇక్కడ దంతం పనివాడు ఆ వరసనే తన రేకు మీద చెక్కాడు. ఒక పువ్వు ఎన్ని చేతులు మారిందో లెక్కపెట్టలేం.

అందుకే క్లాసులో ఎవరైనా "ఇది కాపీ కదా, నీ సొంతం ఏముంది?" అంటే తలొంచుకోకండి. కాపీ చేసి కింద తన పేరు రాసుకునేవాడి సంగతి వేరు, దాన్ని నేను సమర్థించను. నేర్చుకోడానికి చేసే కాపీలో మాత్రం మన చెయ్యి తెలీకుండానే దూరిపోతుంది. విశాఖ తీగ ఇంగ్లండు తీగలా ఉండదు. ఎక్కడ సన్నబడాలో, ఎక్కడ ఆకు మడత పడాలో దానికో నడక ఉంది. చూసేవాళ్ళు ఆ నడకని బట్టే ఇది విశాఖ పని అని గుర్తుపడతారు.

తర్వాత తర్వాత పూలు చాలవన్నారు కొనేవాళ్ళు. ఇంగ్లండు నుంచి అచ్చుబొమ్మలు వచ్చాయి. పెద్ద పెద్ద జమీందారీ భవనాలు, తోటలు. వాటిని చూసి పెట్టెల మీద, బీరువాల మీద చెక్కించుకున్నారు. కొన్ని పెట్టెలైతే ఏకంగా ఇంగ్లీషు ఇంటి ఆకారంలోనే ఉంటాయి: పైకప్పు ఎత్తితే మూత తెరుచుకుంటుంది, లోపల కుట్టుపని సామాను పెట్టుకోవచ్చు. చలిమంట అక్కర్లేని ఊళ్ళో కూర్చుని, ఉక్కపోస్తుంటే చెమట తుడుచుకుంటూ, ఎన్నడూ చూడని పొగగొట్టాలని అంత శ్రద్ధగా గీసిన మనిషిని ఒకసారి ఊహించుకోండి. నాకైతే నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది.

19వ శతాబ్దంలో పెద్ద సామాన్లు తగ్గి చిన్న పెట్టెలు పెరిగాయి. దంతంతో పాటు దున్నకొమ్ము, తాబేటి చిప్ప, ముళ్ళపంది ముళ్ళు కూడా వాడారు. అప్పుడు ఒక మంచి పని జరిగింది: ఆ పెట్టెల అంచుల మీదికి మన దేవుళ్ళు వచ్చి కూర్చున్నారు. పొగగొట్టాలు గీసిన చెయ్యే తన ఊరి గుడి బొమ్మల్ని వరసగా దించింది.

ఇక్కడిదాకా చెప్పింది సముద్రం ఒడ్డు కథ. ఇప్పుడు కొండెక్కుదాం, ఎందుకంటే అప్పటి విశాఖపట్నం జిల్లా ఇప్పటిలా చిన్నది కాదు. పార్వతీపురం, గుణుపురం, జయపురం దాకా ఒకటే జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గుణుపురం, జయపురం అటు వెళ్ళాయి. ఆ కొండల్లో సవరలు ఉన్నారు. ఒడ్డున దొర ఇంటికి కుర్చీ అలంకరిస్తున్న కాలంలోనూ, ఆ తర్వాత కూడా, వీళ్ళు తమ ఇంటి లోపలి గోడ మీద బొమ్మలు వేసుకున్నారు. అమ్మడానికి కాదు.

సవర ఇంటి గోడకి ఎర్రమట్టి పూస్తారు. దాని మీద బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, కొస చిదిపిన పుల్లతో తెల్లగా గీస్తారు. మధ్యలో ఒక పెద్ద చతురస్రం, అది ఇల్లు. లోపలా చుట్టూ సన్నటి పుల్లల్లాంటి మనుషులు, చేతులు పట్టుకుని ఆడేవాళ్ళు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు. దీన్ని ఇడితాల్ అంటారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, పంట బాగా రావాలన్నప్పుడు, చనిపోయిన పెద్దల కోసం ఇది వేస్తారు. ఆ గోడ మీద గీసిన ఇల్లు, ఆ పెద్దలు వచ్చి ఉండడానికే.

వెరియర్ ఎల్విన్ అనే ఆయన 1940లలో ఆ కొండల్లో తిరిగి, ఈ గోడల్ని చూసి, 1951లో మధ్యభారత గిరిజన కళ మీద వేసిన పుస్తకంలో రాశారు. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. బొమ్మ వేసే మనిషికి సవర భాషలో ఒక పేరుంది, ఇత్తల్‌మరన్ అని, అంటే బొమ్మమనిషి. బొమ్మ పూర్తయ్యాక పూజారి దాని ముందు కూర్చుని ఆ పెద్దని పిలుస్తాడు. పెద్ద పూజారి ఒంటి మీదికి వచ్చి బొమ్మ చూసుకుంటాడు. ఏదైనా తక్కువైందనిపిస్తే చెప్తాడు, బొమ్మమనిషి దాన్ని చేర్చాలి. ఇవాళ గ్రాఫిక్ డిజైన్ చేసేవాళ్ళకి క్లయింట్ కరెక్షన్స్ ఎంత కష్టమో తెలుసు కదా, అక్కడ క్లయింటు చచ్చిపోయినవాడు! కాలం మారేకొద్దీ ఆ గోడల మీదికి సైకిళ్ళు, మోటారు కార్లు, విమానాలు కూడా వచ్చాయి. బతికున్నవాళ్ళు చూసిన కొత్త బండ్లు పోయినవాళ్ళకి మాత్రం వద్దా మరి.

రెండు గదులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి లండన్లో రాణి గది, ఒకటి కొండమీద పూరిల్లు. రెండింటినీ అలంకరించింది ఒకే జిల్లా మనుషులు. రాణి గదిలో బొమ్మ చూడముచ్చటగా ఉంటే చాలు, గీసినవాడికి ఆ గదితో ఏ సంబంధమూ లేదు. దాన్ని జన్మలో చూడలేదు కూడా. సవర ఇంట్లో బొమ్మ అందంగా ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. జబ్బు తగ్గిందా, పెద్ద తృప్తి పడ్డాడా అన్నది మొదటి ప్రశ్న. గీసినవాడు ఊరివాడే, ఎవరింట్లో ఏ కష్టానికి గీశాడో అందరికీ తెలుసు.

ఇంగ్లండు నుంచి వచ్చిన పీర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1970ల నుంచి దశాబ్దాల పాటు సవరల మధ్య తిరిగారు. తర్వాతి తరం పిల్లలు చాలామంది క్రైస్తవంలోకి మారాక, పోయినవాళ్ళతో మాట్లాడే ఆ పద్ధతే ఆగిపోవడం ఆయన కళ్ళారా చూసి రాశారు. పద్ధతి ఆగితే గోడ బొమ్మకి పని లేదు. ఇంకోవైపు అదే బొమ్మ ఇప్పుడు కాన్వాస్ మీద, చీర మీద, హోటల్ గోడ మీద కనిపిస్తోంది. కొందరు సవర పిల్లలకి దానివల్ల నాలుగు డబ్బులు వస్తున్నాయి, అది మంచిదే. మీ హాల్లో సవర బొమ్మ పెట్టుకోవాలనుకుంటే నేను వద్దనను. ప్రింటు కాకుండా వేసినవాళ్ళ దగ్గర కొనండి, ఆ చతురస్రం ఏమిటో తెలుసుకుని పెట్టుకోండి. ఇంటికొచ్చిన చుట్టం "ఇదేంటి, వార్లీనా?" అని తప్పకుండా అడుగుతారు. వార్లీ మహారాష్ట్రది. ఇది మన కొండలది.

మరి మనం ఇవాళ "డ్రాయింగ్ క్లాస్" అనే ఈ మూడో పద్ధతి ఎక్కడినుంచి వచ్చింది? అంటే తండ్రి దగ్గర కాకుండా, ఊరి బొమ్మమనిషి దగ్గర కాకుండా, ఫీజు కట్టి, బెంచీ మీద కూర్చుని నేర్చుకోవడం? దీనికి మద్రాసు వెళ్ళాలి. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే ఆయన అక్కడ ఆర్ట్ స్కూల్ మొదలుపెట్టాడు. చిత్రకారుడు అనుకునేరు, ఆయన కంపెనీ ఆసుపత్రి డాక్టరు! కొన్నేళ్ళకి ప్రభుత్వం దాన్ని తీసుకుంది. ఇంగ్లండు పద్ధతిలో అక్కడ మెట్లు మెట్లుగా నేర్పేవారు: ముందు అచ్చు నమూనా చూసి అంచుగీత, తర్వాత నీడలు, ఆ తర్వాత ప్లాస్టర్ బొమ్మని చూసి గీయడం. మీలో ఎవరింట్లోనైనా డ్రాయింగ్ మాస్టారు ఉంటే "లోయర్, హయ్యర్" అనే మాట వినే ఉంటారు. ఫ్రీహ్యాండ్, మోడల్ డ్రాయింగ్, డిజైన్ అంటూ పెట్టే ఆ సర్కారీ పరీక్షలు ఆ పాత మద్రాసు పద్ధతికి మనవలే.

ఆ పద్ధతి వల్ల లాభం లేకపోలేదు. కులంతో పనిలేకుండా ఎవరి పిల్లలైనా పెన్సిల్ పట్టుకోవచ్చు అనేది చిన్న విషయం కాదు. మా తరానికి అది మామూలు సంగతిలా అనిపిస్తుంది గానీ, దంతం పని కాలంలో పుట్టిన ఇంటిని బట్టే పని. ఉత్తరాంధ్ర నుంచి అంట్యాకుల పైడిరాజు మద్రాసు వెళ్ళి దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర నేర్చుకున్నారు. మెరీనా బీచిలో బండరాయిని కదిలిస్తున్న నలుగురు కూలీల శిల్పం చూశారా, అది చేసిన రాయ్ చౌధురే. పైడిరాజు తిరిగొచ్చి విజయనగరంలో పిల్లలకి బొమ్మలు నేర్పారు. పల్లె ఆడవాళ్ళు, బొట్టు పెట్టుకునే ముఖాలు, వాళ్ళ నడుం వంపు, ఆయన బొమ్మల్లో ఇవే. బెంచీ మీద కూర్చుని నేర్చుకున్న చదువు కూడా ఇంటి దారి పట్టొచ్చని ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

నష్టం ఏంటంటే, అక్కడినుంచి మనసులో ఒక గోడ లేచింది. కాన్వాస్ మీద వేస్తే ఆర్టిస్టు, చెక్క మీద వేస్తే పనివాడు. ఆర్టిస్టు సంతకం చేస్తాడు, పనివాడు బిల్లు రాస్తాడు. రాణిగారి కుర్చీ మీద గీత చెక్కినవాడి పేరు ఎందుకు మిగల్లేదో ఇందులోనే కొంత జవాబు ఉంది. ఇంట్లో తెల్లవారకముందు లేచి ఇరవయ్యొకటి చుక్కల ముగ్గు ఒక్క తప్పు లేకుండా వేసే అమ్మమ్మని ఆర్టిస్టు అని మనం ఏనాడైనా అన్నామా? ఆవిడ ఏ పరీక్షా రాయలేదు. రోజూ వేస్తుంది, రోజూ చెరిగిపోతుంది, మళ్ళీ వేస్తుంది.

ఇక దంతం సంగతి. ఆ పని ఆగిపోయింది, ఆగిపోవాల్సిందే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1986 సవరణతో మన ఏనుగు దంతం వ్యాపారం, 1991 సవరణతో ఆఫ్రికా నుంచి వచ్చే దంతం వ్యాపారం కూడా నిషేధం. ఒక అద్దం చట్రం కోసం ఏనుగు ప్రాణం తీయడాన్ని ఏ అందమూ సమర్థించలేదు. పాత వస్తువు చూసి ముచ్చటపడుతూనే ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. నాకు దిగులంతా ఆ చేతి గురించే. సరుకు మారినా గీత బతకొచ్చు. కొమ్ము మీద, చెక్క మీద, రాగిరేకు మీద, చివరికి కాగితం మీద. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఆ తీగ నడకని ఎవరో కూర్చుని కాగితాల మీద దింపి, క్లాసుల్లో పిల్లల ముందు పెట్టి ఉంటే, ఇవాళ వైజాగ్ పిల్లలు మండలా ఆర్ట్ బదులు దాన్నే మొదటి పాఠంగా నేర్చుకునేవాళ్ళు.

అలా కూర్చుని చేస్తే ఏమవుతుందో చూడాలంటే ఎక్కువ దూరం వెళ్ళక్కర్లేదు. ఏటికొప్పాక వెళ్ళండి. నిన్నమొన్నటిదాకా విశాఖ జిల్లాలోనే ఉండేది, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. వరాహ నది ఒడ్డున ఊరు. అక్కడా లక్కే, అయితే పని వేరు. అంకుడు కర్రని చట్రానికి బిగించి గిర్రున తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. రసాయన రంగులు వచ్చి ఆ పని పాడవుతున్న రోజుల్లో సి.వి. రాజు గారు అనే ఆయన పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు లాంటి చెట్టు రంగులని మళ్ళీ లక్కలోకి తెచ్చారు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగులు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. 2025 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం మీద ఊరేగినవి ఆ బొమ్మలే.

అయితే ఏటికొప్పాకలో కూడా అసలు ప్రశ్న అవార్డులు కాదు. పక్కనే ఫార్మా కంపెనీలు, సెజ్‌లు, నెల జీతాలు ఉన్నప్పుడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు చట్రం ముందు కూర్చుంటాడా? కూర్చోవాలంటే ఆ బొమ్మకి మనం ఎంత ఇస్తున్నాం? ఆన్‌లైన్‌లో ఎక్కడో తయారైన రెసిన్ బొమ్మకి వెయ్యి రూపాయలు బేరమాడకుండా కట్టేసి, లక్కబొమ్మ దగ్గర "యాభైకి ఇస్తావా?" అని అడిగేది మనమే కదండీ.

చివరగా నేర్చుకుంటున్నవాళ్ళకి ఒక పని. ఫోన్ చేతిలోనే ఉంది కాబట్టి ఇప్పుడే చేయొచ్చు. బ్రిటిష్ రాయల్ కలెక్షన్ వెబ్‌సైట్లో గానీ, లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వెబ్‌సైట్లో గానీ "విజగపటం" అని ఇంగ్లీషులో కొట్టండి. స్పెల్లింగు మన ఊరి పాత స్పెల్లింగే, వి ఐ జెడ్ ఏ జి ఏ పి ఏ టి ఏ ఎమ్. ఒక కుర్చీయో పెట్టెయో వస్తుంది. వేళ్ళతో జూమ్ చేసుకుంటూ అంచు దాకా వెళ్ళండి. ఒక్క ఆకు ఎంచుకోండి. దాన్ని కాగితం మీద నల్ల పెన్నుతో, పెన్సిల్ లేకుండా, రబ్బరు లేకుండా గీయండి. పది సార్లు. ఆరో ఏడో సారికి మీ వేలు ఒక చోట తనంతట తానే వంపు తిరుగుతుంది, అది ఆ మలుపు. ఆ పదో ఆకుని దాచుకోండి. కింద మీ పేరు రాయండి, తారీకు వేయండి, ఊరి పేరు కూడా రాయండి.

ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.